తిన్యోజా బండ మీది పెద్ద నలికిరి

ఆఫ్రికా పడమటి తీరం లోపలికి వంపు తిరిగే చోట, గల్ఫ్ ఆఫ్ గినీలో, భూమధ్యరేఖకు కాస్త ఉత్తరంగా ప్రిన్సిపె అనే చిన్న దీవి ఉంది. అక్కడి నుంచి నైరుతి దిక్కుగా ఇంకో 20 కిలోమీటర్లు పోతే తిన్యోజా గ్రాండె వస్తుంది. దాన్ని దీవి అనడం కూడా పెద్ద మాటే, సుమారు 20 హెక్టార్ల రాతిబండ, అంతే. చెట్టు లేదు, మనిషి కాపురం లేదు. ఉన్నదల్లా సముద్రపక్షులు, వాటి రెట్ట, వాటి గోల. ఆ బండ మీద ఒక నలికిరి బతుకుతోంది. మనలో చాలామంది నలికండ్లపాము అని పిలిచే ఆ మెరిసే బల్లుల కుటుంబానిదే, కాకపోతే పక్క దీవుల్లో ఉన్న తన చుట్టాల కంటే బాగా పెద్దది. 2015లో దానికి ట్రాకిలెపిస్ అడమాస్టర్ అని పేరు పెట్టారు.

కొత్త జాతిని కనిపెట్టారని వార్త రాగానే ఎవరో అడవిలో హెడ్‌లైట్ పెట్టుకుని రాత్రంతా తిరిగి, ఆకు తీయగానే ఎగిరి గంతేసిన సీన్ ఒకటి మన బుర్రలో ఆడుతుంది. వార్తలు రాసేవాళ్ళకూ అదే ఇష్టం. అడమాస్టర్ సంగతి అలా జరగలేదు. దీన్ని ఎవరో దశాబ్దాల క్రితమే, ఆ దీవులు ఇంకా పోర్చుగల్ పాలనలో ఉన్న రోజుల్లోనే పట్టారు, స్పిరిట్ సీసాలో వేశారు, చీటీ రాశారు, లిస్బన్‌లో ఒక పరిశోధన సంస్థ అల్మరాలో పెట్టారు. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, 1975లో ఆ దీవులు సావో టోమే అండ్ ప్రిన్సిపె అనే స్వతంత్ర దేశమయ్యాయి, సీసా మాత్రం అక్కడే ఉంది. లూయిస్ సెరియాకో అనే పోర్చుగీసు పరిశోధకుడు ఆ సీసాల్లోని బల్లులను కూర్చుని పరీక్షించాకే అవి వేరే జాతివని తేలింది. ఆయన పేపర్ శీర్షికలోనే ఈ సంగతి దాచకుండా చెప్పుకున్నాడు, సముద్రం మధ్యలో పోయినది అల్మరా వెనక దొరికిందని.

నాకు ఈ బల్లి మీద ఇంత ఆసక్తి పుట్టడానికి కారణం ఇదే. కనిపెట్టడం అనే పనిలో ఎక్కువ భాగం అప్పటికే చేతిలో ఉన్నదాన్ని సరిగ్గా చూడటమేనని నా నమ్మకం, సరీసృపాల విషయంలో అయితే మరీనూ. అడవికి పోవద్దని కాదు నేననేది. పోయి తెచ్చినదాన్ని కూర్చుని చూసేవాళ్ళు తక్కువ, వాళ్ళ గురించి రాసేవాళ్ళు ఇంకా తక్కువ.

ముందు అసలు అక్కడికి ఎలా చేరిందో చూద్దాం. సావో టోమే, ప్రిన్సిపె, అన్నోబోన్ అనే ఈ మూడు దీవులూ సముద్రం అడుగు నుంచి లేచిన అగ్నిపర్వతాలు. ప్రిన్సిపె వయసు దాదాపు 3 కోట్ల ఏళ్ళు, సావో టోమే వయసు అందులో సుమారు సగం, అన్నోబోన్ ఇంకా చిన్నది. ఖండంతో ఏనాడూ అతుక్కుని లేవు. ఇదే వరసలో ఉన్న బయోకో దీవి కథ వేరు, మంచుయుగంలో సముద్రమట్టం దిగిపోయినప్పుడు అది ఖండంలో భాగమైపోయింది కాబట్టి అక్కడికి జంతువులు నడిచే వెళ్ళాయి. మిగతా మూడింటికీ మాత్రం, రెక్కలు లేని ప్రతి ప్రాణీ 200 కిలోమీటర్లకు పైగా ఉప్పునీళ్ళు దాటి రావలసిందే.

ఎలా వచ్చాయంటే కొట్టుకొచ్చాయి. కాంగో, నైజర్ లాంటి పెద్ద నదులు వరదల్లో ఒడ్డును కోసేసి, చెట్లను వేళ్ళతో సహా, కింద మట్టితో సహా సముద్రంలోకి తోసేస్తాయి, వాటి మీద ఏ బల్లో పురుగో ఉంటే అదీ వాటితోపాటే పోతుంది, నూటికి తొంభై తొమ్మిది సార్లు మునిగి చచ్చిపోతుంది. కానీ లక్షల ఏళ్ళు అంటే చాలా వరదలు. ఈ దీవుల్లో కప్పలు కూడా ఉన్నాయి, కాళ్ళు లేని ఉభయచరాలు కూడా ఉన్నాయి, ఉప్పునీళ్ళు తగిలితే తట్టుకోలేని చర్మం వాటిది. అవే రాగలిగాయంటే నదుల నుంచి వచ్చిన మంచినీరు సముద్రం మీద పలచగా పరుచుకుని వాటికి దారి ఇచ్చి ఉంటుందని ఒక వివరణ ఉంది. నలికిరులకు ఆ బాధ తక్కువ. ఒంటి నిండా దగ్గరదగ్గరగా పేర్చిన పొలుసులు, ఆ పొలుసుల కింద సన్నని ఎముక పలకలు, ఒంట్లో నీళ్ళు అంత తొందరగా పోవు, తిండి లేకపోయినా కొన్నాళ్ళు లాగించేస్తాయి.

ఈ ఆఫ్రికా నలికిరుల ప్రయాణాలు మామూలువి కావు. బ్రెజిల్ తీరానికి దాదాపు 350 కిలోమీటర్ల దూరంలో ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవి ఉంది. అక్కడున్న నలికిరి ట్రాకిలెపిస్ అట్లాంటికా, పేరు చూస్తేనే తెలుస్తుంది అడమాస్టర్ ప్రజాతిదేనని, అంటే దగ్గరి చుట్టాలైన జాతులన్నిటినీ కలిపే గుంపుదేనని. అంటే దాని పూర్వీకులు ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి వెళ్ళాయన్నమాట. దక్షిణ అమెరికాలో ఉన్న మాబుయా నలికిరుల పూర్వీకులు ఇంకోసారి, విడిగా దాటాయి. ఒకే కుటుంబం నుంచి కనీసం రెండుసార్లు మహాసముద్రం దాటడం! అమెరిగో వెస్పూచీ పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఒక ఉత్తరంలో, 1503లో ఆ దీవిలో రెండు తోకల బల్లులు కనిపించాయని ఉంటుంది. ఉత్తరం ఆయనదేనా అన్నది చరిత్రకారుల గొడవ, రెండు తోకలు మాత్రం కట్టుకథ కాకపోవచ్చు, తోక సగం తెగినప్పుడు పాతదాని పక్కనే కొత్తది మొలవడం నలికిరుల్లో అప్పుడప్పుడు జరిగేదే. ఆ నొరోన్యా నలికిరి చెట్టెక్కి పూలలో తేనె తాగుతుంది కూడా. ములుంగు అనే చెట్టు పూలు పూసే కాలంలో దాని పొలుసులకు పుప్పొడి అంటుకుని పువ్వు నుంచి పువ్వుకు చేరుతుంది. తేనెటీగ చేసే పని బల్లి చేస్తోంది.

సరే, మళ్ళీ గల్ఫ్ ఆఫ్ గినీకి.

2015కు ముందు తిన్యోజా బల్లి గురించి ఎవరన్నా అడిగితే ట్రాకిలెపిస్ మాక్యులిలాబ్రిస్ అని చెప్పేవాళ్ళు. పెదవి మీద చుక్కలుండే నలికిరి అది, 1845లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన గ్రే పెట్టిన పేరు. పశ్చిమ ఆఫ్రికాలో ఉందంటారు, తూర్పు ఆఫ్రికాలో ఉందంటారు, దీవుల్లోనూ ఉందంటారు. ఒక గోధుమరంగు బల్లి ఒక ఖండం అడ్డంగా, సముద్రం మధ్య బండ దాకా ఒకే జాతిగా ఉందని ఎవరన్నా చెబితే నేనైతే ముందు అనుమానిస్తాను. నిజానికి పరిశోధకులకూ ఆ అనుమానం చాన్నాళ్ళుగా ఉంది. ఇలాంటి పేర్లు ప్రతి జంతువుల గుంపులోనూ ఒకటో రెండో ఉంటాయి, ఏ గూటిలోనూ ఇమడని స్పెసిమెన్‌లన్నీ తెచ్చి ఆ పేరు కింద పడేస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్ళు పాత చీటీ చూసి కొత్త చీటీ మీద అదే రాస్తారు.

జాతి సంగతి సరే, ప్రజాతి పరిస్థితి కూడా అంతే. ఆఫ్రికావి, ఆసియావి, దక్షిణ అమెరికావి అన్నీ కలిపి చాలాకాలం మాబుయా అనే ఒకే పేరు కింద ఉండేవి. 2002లో డీఎన్ఏ ఆధారంగా దాన్ని ముక్కలు చేశారు. ఆసియావి యూట్రోపిస్ అయ్యాయి, కేప్ వెర్డె దీవులవి కియోనీనియా అయ్యాయి, ఆఫ్రికావాటికి మొదట వేరే పేరు ఇచ్చి, ఆ మరుసటి సంవత్సరమే నియమాల ప్రకారం చెల్లేది 19వ శతాబ్దపు ట్రాకిలెపిస్ అని దిద్దుకున్నారు. పేర్ల నియమాల పుస్తకం పట్టుకుని ఇంత గొడవ అవసరమా అనిపిస్తుంది కానీ, ఆ పేరు సరిగ్గా లేకపోతే ఏది దేనికి చుట్టమో చెప్పడానికి మొదలే దొరకదు.

ఇప్పుడు అసలు పని. సీసా మూత తీశాక ఏం చేస్తారు?

బల్లిని బయటకు తీసి, తడి ఆరిపోకుండా చూసుకుంటూ, మైక్రోస్కోప్ కింద పెట్టి పొలుసులు లెక్కపెడతారు. నడుము చుట్టూ ఎన్ని వరసలున్నాయి, గొంతు దగ్గర నుంచి పొట్ట చివరి దాకా ఎన్ని, వెనక కాలి నాలుగో వేలు అడుగున ఎన్ని పట్టీలు, పై పెదవి మీద ఎన్ని పొలుసులు, కంటి కింద ఉన్న పొలుసు పెదవి అంచుకు తగులుతోందా మధ్యలో ఇంకోటి అడ్డం వచ్చిందా, వీపు మీద ఒక్కో పొలుసుకు ఎన్ని గట్లు లేచి ఉన్నాయి. మూతి కొస నుంచి మలద్వారం దాకా ఒక కొలత తీసుకుంటారు. తోకను ఆ కొలతలో కలపరు, ఎందుకంటే సగం బల్లులకు తోక ఎప్పుడో తెగి మళ్ళీ మొలిచి ఉంటుంది, దాని పొడవుకు అర్థం లేదు. ఒక్కదానికి ఇదంతా చేస్తే సరిపోదు. అదే ప్రాంతం నుంచి వచ్చిన మిగతావాటికి చేయాలి, పక్క దీవులవాటికి చేయాలి, ఖండం మీదివాటికి చేయాలి, పెద్దవి, పిల్లలు, ఆడ, మగ అన్నీ కలిపి. చీర అంచు మీద కుట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టుంటుంది, మధ్యలో ఎవరన్నా పలకరిస్తే మళ్ళీ మొదటికి.

దీనికి తోడు స్పిరిట్‌లో ఏళ్ళ తరబడి ఉన్న బల్లికి రంగు మిగలదు. బతికున్నప్పుడు పక్కల మీద ఎర్రగా ఉందో, గొంతు పసుపుగా ఉందో తెలిసే దారి ఉండదు, అన్నీ ఒకటే మట్టిరంగు. ముందు ఫార్మలిన్‌లో ఉంచి తర్వాత స్పిరిట్‌లోకి మార్చి ఉంటే డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది. కాబట్టి చేతిలో మిగిలేవి పొలుసులు, కొలతలు, ఆ చీటీ. చీటీ మీద ఊరి పేరు సరిగ్గా లేకపోతే మిగతా రెండూ ఉన్నా పెద్దగా లాభం లేదు. అడమాస్టర్ విషయంలో చీటీ మీద దీవి పేరు ఉంది. ఒళ్ళు పెద్దది, పొలుసుల లెక్క తేడా, పైగా వచ్చింది సముద్రం మధ్యలో ఎవరూ పెద్దగా దిగని బండ నుంచి, ఈ మూడూ కలిశాక వేరే జాతి అనడానికి ధైర్యం వస్తుంది. వాటిలో ఒకదాన్ని హోలోటైప్‌గా ప్రకటిస్తారు. అంటే ఇక మీదట అడమాస్టర్ అనే పేరు ఆ ఒక్క బల్లికి కట్టేసి ఉంటుంది, రేపు ఎవరికి ఏ అనుమానం వచ్చినా దాని దగ్గరికే వచ్చి పోల్చి చూసుకోవాలి.

ఇది మొదలే. 2016లో సెరియాకో, మరియానా మార్కెస్, ఆరన్ బావర్ కలిసి మిగతా దీవుల మీద పడ్డారు. సావో టోమేలో ఉన్నది మాక్యులిలాబ్రిస్ కాదు, దానికి ట్రాకిలెపిస్ థోమెన్సిస్. ప్రిన్సిపెలో ఉన్నదీ కాదు, దానికి ట్రాకిలెపిస్ ప్రిన్సిపెన్సిస్. ఇవేమీ ఎక్కడో దాక్కున్న బల్లులు కావు, గోడల మీద, తోటల్లో, అందరి కళ్ళ ముందూ ఎండ కాగేవే. 2018లో ఇదే వరసలో ఆకుల చెత్తలో తిరిగే చిన్న నలికిరుల వంతు వచ్చింది, వాటిలో సావో టోమేది వేరే జాతిగా తేలి పానాస్పిస్ థోమెన్సిస్ అయింది. మూడేళ్ళలో ఇన్ని కొత్త పేర్లు వచ్చాయంటే అక్కడ ఏదో అద్భుతం జరిగిందనుకోకండి. ఎవరో ఒకరు కూర్చుని చూశారు, అంతే.

మరి ఇంతకాలం ఎందుకు చూడలేదు అంటే దానికి లిస్బన్‌లోనే ఒక కారణం ఉంది. 19వ శతాబ్దంలో అక్కడ బార్బోజా దు బొకాజ్ అనే ఆయన ఉండేవాడు, 1823లో పుట్టి 1907లో పోయాడు. ఆఫ్రికాలో పోర్చుగీసు పాలన కింద ఉన్న ప్రాంతాల సరీసృపాలు, పక్షుల మీద ఆయన మాటే అప్పట్లో చివరి మాట. అంగోలా నుంచి జోజే డి అంషియేటా అనే ఆయన ఏళ్ళ తరబడి పట్టి పంపించాడు, చివరికి 1897లో ఆ దేశంలోనే చనిపోయాడు. గల్ఫ్ ఆఫ్ గినీ దీవుల నుంచి ఫ్రాన్సిస్కో న్యూటన్ పంపించాడు. ఇద్దరూ పంపిన పెట్టెలు బొకాజ్ బల్ల మీదికి చేరేవి, ఆయన చూసి పేరు పెట్టేవాడు. ఆ బల్లులన్నీ ఆయన పేరుతోనే ఉన్న మ్యూజియంలో ఉండేవి.

1978 మార్చిలో ఆ మ్యూజియం తగలబడిపోయింది. టైప్ స్పెసిమెన్‌లు, అంటే హోలోటైప్ లాగా ఒక్కో పేరు కట్టేసి ఉన్న అసలు నమూనాలు, బూడిదయ్యాయి. స్పిరిట్ సీసాలు నిండిన గదికి నిప్పంటుకుంటే ఇంకేం మిగులుతుంది. బయటివాళ్ళకు ఇది పాత బల్లులు కాలిపోయిన సంగతిలాగే కనిపిస్తుంది. ఈ పని చేసేవాళ్ళకు మాత్రం కాళ్ళ కింద నేల పోయినట్టు, ఎందుకంటే బొకాజ్ రాసిన నాలుగు లైన్ల వర్ణన ఏ బల్లి గురించో అనుమానం వస్తే పోల్చి చూసుకోవడానికి ఇక ఆ బల్లి లేదు. అప్పుడు ఆయన ఇతర మ్యూజియాలకు పంచి ఇచ్చిన డూప్లికేట్లు ఎక్కడన్నా మిగిలాయా అని వెతకాలి, లేకపోతే మొదటిది దొరికిన చోటికే మళ్ళీ వెళ్ళి పట్టి, దానికి నియోటైప్ అని హోదా ఇవ్వాలి. అంగోలా విషయంలో దానికి అంతర్యుద్ధం అడ్డం వచ్చింది, 1975లో మొదలై 2002 దాకా సాగింది, యుద్ధం అయ్యాక కూడా మందుపాతరలు ఉన్నాయి. తిన్యోజా బల్లుల సీసాలు వేరే సంస్థలో ఉండటం వల్ల ఆ మంటకు చిక్కలేదు.

సీసాల గురించి ఇంకో కథ చెప్పకుండా ఉండలేను. బొకాజ్ 1879లో ఇవెన్సీ అని ఒక నలికిరికి పేరు పెట్టాడు, రొబెర్టో ఇవెన్స్ అనే అన్వేషకుడి గౌరవార్థం. అంగోలా, జాంబియా వైపు తడి నేలల్లో ఉంటుంది. నిన్నమొన్నటి దాకా ట్రాకిలెపిస్‌లోనే ఉండేది, ఇప్పుడు లుబుయా అనే వేరే ప్రజాతి. 2012లో బ్లాక్‌బర్న్, ఫ్లెమింగ్ అనే ఇద్దరు మ్యూజియంలో దాచిన ఆడ బల్లులను కోసి గర్భసంచి పొరలను మైక్రోస్కోప్ కింద చూశారు. బల్లుల్లో పిల్లల్ని కనేవి చాలానే ఉన్నాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం పిల్లకు తిండి గుడ్డు సొన నుంచే. దీనిలో గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరే, సొన దాదాపు లేదు. పిండం కణజాలం తల్లి గర్భసంచి గోడలోకి తొలుచుకుపోయి, తల్లి రక్తనాళాల దాకా చేరి అక్కడి నుంచి తిండి లాక్కుంటోంది. ఇలాంటిది పాలిచ్చే జంతువుల్లోనే ఉంటుందని అనుకునేవాళ్ళు. పేరు పెట్టిన 130 ఏళ్ళకు పైగా ఈ సంగతి ఎవరికీ తెలియదు, తెలుసుకోవడానికి కావలసిన బల్లులేమో సీసాల్లోనే ఉన్నాయి.

పేర్ల దగ్గర నాకు చిన్న ఫిర్యాదు ఉంది. అడమాస్టర్ అంటే పోర్చుగీసు ఇతిహాస కావ్యంలో వచ్చే ఒక రాక్షసుడు, వాస్కో డ గామా నావలు ఆఫ్రికా దక్షిణ కొస చుట్టి వస్తుంటే తుఫానులాగా అడ్డం నిలబడతాడు. సముద్రం మధ్య బండ, దాని మీద చుట్టాలకంటే పెద్ద బల్లి, పేరు అందంగా కుదిరింది, కాదనను. కానీ బల్లిది ఇప్పుడు స్వతంత్రంగా ఉన్న దేశం, పేరేమో వాళ్ళను ఏలినవాళ్ళ కావ్యం నుంచి, హోలోటైప్ లిస్బన్‌లో. ఎవరి తప్పూ అనడం లేదు, మంచి పని చేశారు, ఆ తర్వాత వాళ్ళే దీవులకు వెళ్ళి జనంతో కలిసి చాలా చేశారు. అయినా దాని పక్కన పెట్టి చూసుకోవడానికి నాకు ఇంకో పేరు బాగా నచ్చింది. 2023లో ఇదే బృందంలోని మార్కెస్, బావర్, సెరియాకో మరికొందరితో కలిసి అంగోలా నైరుతి మూల నుంచి అకాంటియాస్ ముక్వాండో అనే నలికిరిని ప్రకటించారు. సెర్రా డ నెవె అనే కొండ, ఎండిన మైదానం మధ్య నుంచి ఒంటరిగా దాదాపు 2,500 మీటర్ల దాకా లేస్తుంది, చుట్టూ ఎడారి లాంటి నేల, పైకి పోయేకొద్దీ చల్లదనం, కాబట్టి అదీ ఒక రకమైన దీవే. ఈ నలికిరికి కాళ్ళు లేవు, మట్టిలో తొలుచుకుంటూ బతుకుతుంది, మెడ దగ్గర గులాబీరంగు పట్టీ ఉంటుంది. ముక్వాండో అనేది ఆ కొండ ప్రాంతంలో ఉండే జనం పేరు. ఇది సీసాలోంచి కాకుండా కొండ ఎక్కి పట్టినదే, నా వాదనకు ఎదురు ఉదాహరణ అని మీరు అనొచ్చు. కానీ దాన్ని కూడా దక్షిణ ఆఫ్రికా నుంచి వచ్చిన పాత అకాంటియాస్ సీసాల పక్కన పెట్టి పోల్చకుండా కొత్తదని చెప్పలేరు కదా.

ఇక తిన్యోజా మీద బతుకు ఎలా ఉంటుందంటే, నీడ అంటే రాతి పగులే. పగలు బండ కాలిపోతుంది. తెల్లరొమ్ము, నల్లవీపు ఉండే సూటీ టర్న్ పక్షులు వేలకు వేలు గుంపుగా వచ్చి గుడ్లు పెడతాయి, వాటితోపాటు నోడీ అనే సముద్రపక్షులు, గోధుమరంగు బూబీలు. గల్ఫ్ ఆఫ్ గినీలో సముద్రపక్షులకు ఇంత ముఖ్యమైన చోటు ఇంకొకటి లేదు, అందుకే 2006లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేర్చారు. 2012లో యునెస్కో ప్రకటించిన ప్రిన్సిపె బయోస్ఫియర్ రిజర్వులో కూడా ఇది భాగం. ఇలాంటి పక్షుల బండల మీద బతికే నలికిరులకు ప్రపంచంలో ఎక్కడైనా తిండి పక్షుల వైపు నుంచే వస్తుంది. రెట్టకు, చచ్చిన పిల్లలకు ముసిరే పురుగులు, పిల్లల నోట్లోంచి జారిపడిన చేప ముక్కలు, పగిలిన గుడ్లు. చెట్టు లేని చోట సముద్రమే వంటిల్లు, వడ్డించేది పక్షులు. పైగా పాము లేదు, పిల్లి లేదు. అలాంటి చోట తరాలు గడిచేకొద్దీ ఒళ్ళు పెరగడం బల్లుల్లో కొత్తేమీ కాదు.

పెద్దగా పెరిగిన ఇంకో నలికిరికి ఏం జరిగిందో తెలిస్తే కాస్త భయం వేస్తుంది. కేప్ వెర్డె దీవుల్లో బ్రాంకో, రాసో అనే రెండు ఎండు బండలు ఉన్నాయి, అక్కడా సముద్రపక్షులే. కియోనీనియా కోక్టీ అనే నలికిరి అక్కడ ఉండేది, తోక లేకుండానే ఒక అడుగు పొడవు. 18వ శతాబ్దం చివర్లో ఒక పోర్చుగీసు ప్రకృతి పరిశోధకుడు పట్టి లిస్బన్‌కు పంపాడు, 1808లో నెపోలియన్ సైన్యం లిస్బన్‌లో ఉన్నప్పుడు ఫ్రెంచివాళ్ళు దాన్ని పారిస్‌కు పట్టుకుపోయారు, 1839లో అక్కడ దానికి పేరు పెట్టారు. పేరు పెట్టారు కానీ ఎక్కడిదో సరిగ్గా చెప్పలేకపోయారు, ఆఫ్రికా తీరం అని ఊరుకున్నారు. అది కేప్ వెర్డె బండల మీదిదని 1870లలో తేల్చింది మన బొకాజే. ఇక ఆ సంగతి తెలిశాక యూరప్ మ్యూజియాలు, సేకరించేవాళ్ళు ఎగబడ్డారు. అంతకు ముందే జాలరులు నూనె కోసం, తిండి కోసం పట్టేవాళ్ళు, 1833 కరువులో బ్రాంకో మీద వదిలేసిన ఖైదీలు వీటినే తిని బతికారని చెబుతారు. 20వ శతాబ్దం మొదటి భాగం తర్వాత బతికున్నది మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు అంతరించినట్టే లెక్క, మిగిలింది సీసాలే.

రెండింటికీ తేడా ఉంది, అడమాస్టర్ కోసం ఎవరూ ఎగబడటం లేదు. దానికి టెన్షన్ వేరే వైపు నుంచి. ప్రిన్సిపెలో మనుషులు ఉన్నారు, మనుషులతోపాటు ఎలుకలు ఉన్నాయి, చేపల పడవలు ఉన్నాయి. కడుపుతో ఉన్న ఒక్క ఎలుక ఒక వలల కట్టలో దూరి ఆ బండ మీద దిగితే చాలు. గుడ్లు, పిల్లలు, బల్లులు, అన్నీ నేల మీదే, అందేంత దూరంలో, పారిపోవడానికి ఎక్కడా చోటు లేకుండా. ఇతర సముద్రపక్షుల దీవుల్లో ఎలుకలు చేసిన పని చూసినవాళ్ళెవరూ దీన్ని అతిశయోక్తి అనరు. ఇరవై హెక్టార్లలో ఒకచోట నష్టం జరిగితే ఇంకోచోట మిగులుతుందిలే అని చెప్పుకునే వీలు కూడా లేదు, ఆ జాతి మొత్తం ఉన్నదే అక్కడ.

ఇప్పటివరకు దాన్ని కాపాడుతున్నది ఎక్కువగా అలలే అనుకుంటాను, నిటారు రాతి అంచుల వల్ల దిగడం కష్టం. సెరియాకో బృందం తర్వాత అక్కడి బల్లుల మీద ఇంకో పేపర్ కూడా రాసింది. పరిశోధకులు గానీ పక్షులు చూడటానికి వచ్చేవాళ్ళు గానీ పడవ ఎక్కే ముందు సంచులు, టెంట్లు దులిపి చూసుకోవాలి, చేపల పడవలు బండ దగ్గర లంగరు వేసినా పైకి సామాను దించకూడదు, ఏడాదికోసారి ఎవరన్నా ఎలుకల జాడ ఉందేమో చూసి రావాలి. ఖర్చు పెద్దగా లేదు, ప్రిన్సిపె నుంచి ఒక పడవ, సముద్రం కాస్త నెమ్మదించిన ఒక రోజు.